ఐపీ నంబరు ఎవరిదో తేల్చే ప్రాజెక్టు చేస్తానంటున్నాడు, చేయనివ్వమంటారా?

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తాని. మా బాబు సీఎస్‌ఈ మూడో సంవత్సరం. సెలవుల్లో మా ఊరి ఇంటర్నెట్ ఆపరేటరు దగ్గర పనికి వెళ్లాడు. ఇప్పుడు ఇంటర్నెట్ నంబర్లు ఎవరివో లాగిన్‌తో తేల్చే ప్రాజెక్టు చేస్తానంటున్నాడు. అందరూ ఏఐ నేర్పించమంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: చేయనివ్వండి అయ్యా. పనికొచ్చే సమస్యనే పట్టుకున్నాడు.

పొలం ఎవరిదంటే 1బీ, అడంగల్ చూస్తాం కదా. ఇంటర్నెట్‌లో కనెక్షన్లకు ఇచ్చే ఐపీ అడ్రసులకు, ఒక్కో నెట్‌వర్కును గుర్తుపట్టే ఏఎస్ నంబర్లకు కూడా అలాంటి రికార్డులున్నాయి. ప్రపంచం మొత్తానికి ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలు. మన ప్రాంతానిది ఏప్నిక్, ఆఫీసు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో. మన దేశంలో నిక్సీ అనే సంస్థ నడిపే ఐరిన్ అనే రిజిస్ట్రీ ఉంది. రికార్డు చూడకుండా మాట నమ్మితే ఏమవుతుందో 2008 ఫిబ్రవరి 24న తెలిసింది. పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపబోయి, యూట్యూబ్ అడ్రసులకు దారి తన దగ్గరే ఉందని ప్రకటించింది. దానికి ఇంటర్నెట్ ఇచ్చే పై కంపెనీ సరిచూడకుండా ఆ ప్రకటనను లోకానికంతటికీ చేరవేసింది. దాదాపు రెండు గంటలు చాలా దేశాల్లో యూట్యూబ్ రాలేదు.

‘ఈ నంబరు నాది’ అనేవాళ్లు ఇప్పటికీ చాలాచోట్ల లెటర్‌హెడ్ మీద ఉత్తరం పంపుతారు. దొంగ ఉత్తరం తయారుచేయడం ఎంతసేపు! మీ బాబు చెప్పే పద్ధతిలో, రుజువు అడిగే కంపెనీ ఆ మనిషిని రికార్డు ఉన్నచోటికే పంపుతుంది. అక్కడ లాగిన్ అయితే, ఈయన ఫలానా ఏఎస్ నంబరు తరఫు మనిషేనని ధ్రువీకరణ తిరిగొస్తుంది. పాస్‌వర్డ్ మాత్రం చేతులు మారదు. ఉద్యోగి మానేస్తే ఆ ఒక్కచోట పేరు తీసేస్తే చాలు, తర్వాత ఎక్కడా ఆ పేరుతో కొత్త లాగిన్ దొరకదు. పీరింగ్‌డీబీ అనే వెబ్‌సైటు లాగిన్ ఓఆత్ పద్ధతిలో (పాస్‌వర్డ్ ఇవ్వకుండానే ఒకచోటి లాగిన్‌ను మరోచోట వాడే పద్ధతి) ఇలాగే పనిచేస్తోంది. అయితే పీరింగ్‌డీబీ రిజిస్ట్రీ కాదు, నెట్‌వర్కులు తమ వివరాలు తామే రాసుకునే జాబితా. ఈ తేడా బాబుకు తెలిసి ఉండాలి.

ఇంకొకటి అడగండి: లాగిన్ సరైనదైతే రూటు, అంటే ప్రకటించిన దారి, కూడా సరైనదేనా? కాదు. మనిషెవరో లాగిన్ చెబుతుంది. ఆ అడ్రసులను ఏ ఏఎస్ నంబరు ప్రకటించవచ్చో చెప్పేది ఆర్‌పీకేఐ అనే డిజిటల్ సంతకాల వ్యవస్థలోని ఆర్ఓఏ అనే పత్రం. రెండూ కలిపి చూపిస్తేనే ప్రాజెక్టుకు బలం. ఇంటర్వ్యూలో కూడా అడగదగ్గ ప్రశ్న ఇదే.

డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఏప్నిక్ అకాడమీలో ఉచిత ఆన్‌లైన్ కోర్సులున్నాయి, కంప్యూటరుతో రౌటరు పని చేయించే ఎఫ్ఆర్‌రౌటింగ్ ఉచిత సాఫ్ట్‌వేరు. ల్యాబుకు 64512 నుంచి 65534 వరకు ప్రైవేటు ఏఎస్ నంబర్లు వాడుకోవచ్చు. ఆపరేటరు గారి నడుస్తున్న రౌటరు మీద మాత్రం ప్రయోగాలు వద్దు, ఊరంతా నెట్ పోతుంది.

ఉద్యోగం పలాసలో దొరకదు. హైదరాబాదో బెంగళూరో వెళ్లాలి. మొదట నెట్‌వర్క్ పర్యవేక్షణ కేంద్రంలో నైట్ షిఫ్టులు పడవచ్చు, దానికి మీ ఇంట్లో అందరూ సిద్ధపడాలి. ఏఐ సంగతంటారా, పైథాన్ గట్టిగా నేర్చుకోమనండి. అది రెండువైపులా అక్కరకొస్తుంది.

ఈలోగా ఆ ఆపరేటరు గారికి సొంత ఏఎస్ నంబరు ఉందో, పై కంపెనీ అడ్రసులతోనే నడుపుతున్నారో బాబును కనుక్కోమనండి. సొంతది ఉంటే, రిజిస్ట్రీ ఖాతా ఎలా ఉంటుందో పక్కన కూర్చోబెట్టుకుని చూపించమని అడగమనండి.