గంగజాతరా, గంగ జాతరా?

నాయనా,

మన తిరుపతి జాతర మీద నువ్వు రాస్తున్న థీసిస్‌లో నువ్వు పంపిన మొదటి అధ్యాయం చదివాను. అరవై పేజీలకు రెండు రాత్రులు పట్టింది, నా కళ్లద్దాలు మార్చి మూడేళ్లయింది మరి. విషయం బాగుంది. తాతయ్యగుంట గంగమ్మ గుడి ముందు నిలబడి నువ్వు చూసి రాసిన పేజీలైతే నాకు కాస్త అసూయ కూడా పుట్టించాయి, నేను పుట్టి పెరిగిన ఊరి జాతర గురించి ఒక్క వ్యాసమైనా రాయలేదే అని.

కానీ మొదటి పేజీలో ‘గంగ జాతర’ అన్నావు. మూడో పేజీలో ‘గంగజాతర’. ఏడో పేజీకొచ్చేసరికి ‘గంగమ్మ జాతర’, ఒకచోట ఏకంగా ‘గంగమ్మతల్లి జాతర మహోత్సవము’. తిరుపతివాణ్ణి కాబట్టి నాకు అన్నీ ఒకటేనని తెలుసు. నీ థీసిస్ దిద్దే ఆచార్యుడు ఏ వేరే రాష్ట్రంలోనో ఉంటాడు, ఆయనకేం తెలుసు? పేరు మారినప్పుడల్లా ఇది ఇంకో జాతరేమోనని వెనక్కి తిప్పి చూస్తాడు, రెండుసార్లు ఓపిగ్గా చూసి మూడోసారి విసుక్కుంటాడు, ఆ విసుగు పోయి నీ వాదన మీద పడుతుంది. జాతరలో భక్తులు వేసే వేషాల దగ్గర ఇంకా ఘోరం. బైరాగి వేషం, భైరాగి వేషం, బైరాగి వేశం, మూడూ ఒకే పేజీలో ఉన్నాయి. వైరాగి నుంచి వచ్చిన మాట అది, దానికి ఒత్తు లేదు. ‘వేశం’ సంగతి చెప్పక్కర్లేదు.

రాసేటప్పుడు ఇదంతా పట్టించుకోమని అనడం లేదు. రాసేటప్పుడు రాసుకుంటూ పో. చివరికి ఒక తెల్లకాగితం తీసి, రెండు రకాలుగా రాయగలిగిన ప్రతి మాటా అందులో రాసి, ఏది ఉంచుతావో తేల్చేసి, పక్కన ఎందుకో అర వాక్యం రాసి పెట్టు. మా రోజుల్లో దాన్ని స్టైల్ షీట్ అనేవాళ్లం, పేరు నీ ఇష్టం. చేశాడా చేసాడా, రాసిందా వ్రాసిందా, క్రీ.శ. అంటావా సా.శ. (సామాన్య శకం) అంటావా, ‘1954లో’ అని అంకెకు కలిపి రాస్తావా విడిగానా. ఈ చివరిది చిన్న విషయమనుకునేవు, విడిగా రాస్తే పంక్తి చివర అంకె ఒకవైపు, ‘లో’ ఒక్కటీ కింది పంక్తి మొదట్లో పడి ఎవరిదో తెలియనట్టుంటుంది. నేనైతే కలిపే రాస్తాను.

తేల్చుకున్నాక కంప్యూటర్‌కి అప్పజెప్పి ఒక్క నొక్కుతో మార్చేద్దామని మాత్రం అనుకోకు. నేను అనుకున్నాను. యూనికోడ్ మాకు కొత్తగా అలవాటవుతున్న రోజులు, నేను పని చేసిన విశ్వవిద్యాలయానికి వార్షిక నివేదిక తయారు చేస్తున్నాను. వచ్చిన కాగితాల్లో ఒకరు ‘శాఖ’ అంటారు, ఒకరు ‘విభాగం’, ఇంకొకరు ‘డిపార్ట్‌మెంట్’. పెద్ద తెలివైనవాడిలా ‘శాఖ’ ఉన్నచోటల్లా ‘విభాగం’ పెట్టమని చెప్పి టీకి వెళ్లాను. తిరిగొచ్చి చూడను కూడా చూడలేదు, ఫైలు పంపేశాను. రాత్రి పదింటికి డీటీపీ కుర్రాడు ఫోన్ చేసి, “సార్, వివిభాగంపట్నం ఎక్కడుంది సార్?” అన్నాడు. విశాఖపట్నం నుంచి వచ్చిన ముఖ్య అతిథిని నేను ఆ ఊరికి పంపించాను. శాఖాధిపతులందరూ ‘విభాగంాధిపతులు’ అయ్యారు, ఆ దీర్ఘం ఏ అక్షరానికీ అంటుకోలేక చుక్కల సున్నా ఒకటి పక్కన పెట్టుకుని నిలబడింది. అటవీ శాఖ వాళ్లతో కలిసి మొక్కలు నాటామని రాసుకుంటే అది అటవీ విభాగమైంది. హాస్టల్ పేజీలో ఎవరో ‘శాఖాహార భోజనం’ అని రాశారు, అది ‘విభాగంాహార భోజనం’. శాకాహారం అని సరిగ్గా రాసి ఉంటే ఆ ఒక్క వాక్యమైనా బతికి బయటపడేది. శాకమంటే కూర, శాఖ అంటే కొమ్మ, కొమ్మలు తినేవి మేకలు. ఆ రాత్రి రెండింటి దాకా కూర్చుని ఒక్కొక్కటీ చేత్తో దిద్దాం.

ఆ తర్వాత మేం ఒప్పుకున్నది ఇది: పాఠం చెప్పేది శాఖ, కాగితాలు చూసేది విభాగం. తెలుగు శాఖ, పరీక్షల విభాగం. ఎవరైనా అధికారికంగా వేరే పేరు పెట్టుకుని ఉంటే ఆ పేరే. ఇదే సరైనదని నేననను, కానీ ఒకసారి అనుకున్నాక ఎవరూ దాని గురించి మళ్లీ కొట్లాడుకోలేదు.

వెతకడంలో ఇంకో తిరకాసు కూడా ఉంది. ‘డిపార్ట్‌మెంట్’ అని విడదీసి చూపించడానికి ట కింద మ చేరకుండా మధ్యలో కంటికి కనపడని అక్షరం ఒకటి పెడతాం. ఒకచోట అది ఉండి ఇంకోచోట లేకపోతే వెతికినప్పుడు రెండోది దొరక్కపోవచ్చు. అంచేత కంప్యూటర్ ‘లేదు’ అన్నంత మాత్రాన లేదనుకోకు, అచ్చు తీసి పెన్సిల్‌తో చదువు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, నీ మీద నాకు కోపం వచ్చింది ఇక్కడే. చంద్రగిరి ముసలమ్మ రికార్డింగ్ నాకు ఫోన్‌లో వినిపించావు గుర్తుందా? “ఆయమ్మ ఊరంతా తిరగతా ఉండాది, మనం ఇంట్లో కూసుంటే ఎట్లా” అంది ఆమె. నీ అధ్యాయంలో ఆ మాట “ఆమె ఊరంతా తిరుగుతూ ఉంది, మనం ఇంట్లో కూర్చుంటే ఎలా” అయిపోయింది. ఎవరు దిద్దమన్నారు? కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది నీది కాదు, దాన్ని ముట్టుకునే హక్కు నీకు లేదు. నీ సొంత వాక్యాల్లో ‘ఉంది’ అని రాసుకో, ఎవరూ కాదనరు. ఆమె ‘ఉండాది’ అంటే ఉండాదే. చెనిక్కాయలు అంటే చెనిక్కాయలే, కావాలంటే మొదటిసారి పక్కన వేరుశనగ అని రాయి. ఒకే తీరు అంటే చిత్తూరు మాటనంతా ఇస్త్రీ చేసి పడేయడమని నీకు ఎవరు నేర్పారో గానీ వాళ్లతో నాకు పేచీ ఉంది.

అచ్చయిన వాటికీ ఇదే లెక్క. 2010 నాటి వ్యాసంలోంచి వాక్యం ఎత్తిరాస్తూ అందులోని ‘చిత్తూరు జిల్లా తిరుపతి’ని ‘తిరుపతి జిల్లా’ చేశావు. తిరుపతి జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న, పన్నెండేళ్ల ముందే ఆ వ్యాసకర్తకు ఎలా తెలుస్తుంది? 1998 జాతర గురించి చెబుతూ ‘నగరపాలక సంస్థ ఏర్పాట్లు’ అన్నావు, అప్పటికి మనది మున్సిపాలిటీ, కార్పొరేషన్ అయింది 2007లో. అలాగే నువ్వు మాట్లాడిన పెద్దాయన 1995లో చదివింది రాష్ట్రీయ సంస్కృత విద్యాపీఠంలో, అది జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం అయింది 2020లో. ఎప్పటి సంగతికి అప్పటి పేరు రాయి, ఇప్పటి పేరు మొదటిసారి పక్కన చెప్పు, చాలు.

పేర్ల గురించి ఒక్క మాట. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం అన్నప్పుడు ‘వే’కి దీర్ఘం ఉంటుంది, నీ అధ్యాయంలో రెండుచోట్ల ఎగిరిపోయింది. అలాగని వెంకటేశ్వర్లు అనే మనిషికి దీర్ఘం తగిలించకు. మనిషి పేరు ఆయన సంతకంలో ఎలా ఉంటే అలాగే.

కృతజ్ఞతల పేజీలో ఒకే పేరాలో వీసీ, ఉపకులపతి, వైస్ ఛాన్సలర్ ముగ్గురు కనిపించారు, మనిషి ఒక్కరే. ‘గారు’ ఆ పేజీ వరకే ఉంచు, లోపల పరిశోధకుల పేర్లకు అక్కర్లేదు, మర్యాదేం తగ్గదు. ‘నిర్వహించబడినది’, ‘సేకరించబడినవి’ కూడా తీసెయ్. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష కోసం పోరాడి వందేళ్లు దాటినా మన యూనివర్సిటీ కాగితాల్లో ఇవి పోలేదు. పాటలు సేకరించింది నువ్వు, ఎండలో తిరిగింది నువ్వు, ‘సేకరించాను’ అనడానికి మొహమాటమెందుకు?

రెండో అధ్యాయం ఎప్పుడు పంపుతావో పంపు, తొందరేం లేదు. ఆ కాగితం మాత్రం పైన పిన్ను కొట్టి పంపు, అది లేకపోతే కవరు విప్పను. ‘బండ వేషం’ కలిపి రాయాలో విడిగా రాయాలో నేను కూడా తేల్చుకోలేదు, నువ్వేం తేల్చావో అందులో చూస్తాను.

మీ సార్