ఆంప్లిఫయర్ ఆగినా ఆగని పాటే ఫోక్

“ఫోక్ రాక్‌కీ ప్రోగ్రెసివ్ రాక్‌కీ మధ్య గీత ఎక్కడుంది? జెథ్రో టల్‌ని ఏ ఖాతాలో వేయాలి?” అని అడిగారు. ఫోక్ అంటే జానపద సంగీతం, ప్రోగ్రెసివ్ రాక్ (పొట్టిగా ప్రోగ్) అంటే చిక్కు తాళాలు, అల్లికలతో నడిచే రాక్, జెథ్రో టల్ ఒక బ్రిటిష్ రాక్ బ్యాండు. దీనికి మామూలుగా వచ్చే జవాబులు రెండు. అకూస్టిక్ గిటారు, ఫ్లూటు, ఫిడేలు వినిపిస్తే ఫోక్, సింథసైజరు వినిపిస్తే ప్రోగ్ అనేవాళ్లు ఒక రకం. పాట ఎనిమిది నిమిషాలు దాటిందంటే ప్రోగ్ అనేవాళ్లు ఇంకో రకం. రెండూ తప్పే. గడియారం చూసి పాట కులగోత్రాలు తేల్చేస్తామంటే ఎలా? నా దగ్గర ఇంతకంటే నికార్సయిన పరీక్ష ఒకటుంది. అది నాకు స్టేజీ మీద దొరికింది.

ఒకప్పుడు మాకో చిన్న బ్యాండు ఉండేది. నేను గిటారు, ఒకడు బేస్, ఒకడు డ్రమ్స్, పాడేది ఒక అమ్మాయి. డ్రమ్మర్‌కి కింగ్ క్రిమ్సన్ అనే ప్రోగ్ బ్యాండంటే ప్రాణం. నాలుగు దెబ్బల తాళంలో ఉన్న పాట ఏదైనా సరే వాడి దృష్టిలో చిన్నపిల్లల పాటే. పాడే అమ్మాయికి ఆ లెక్కలేవీ పట్టవు, పాటలో కథ ఉండాలి, మాట అర్థం కావాలి, అంతే. ఒక సాయంత్రం కార్యక్రమానికి మా పేరిచ్చినప్పుడు దరఖాస్తులో ఏ రకం సంగీతమో రాయడానికి ఒక్క గడి ఉంది. డ్రమ్మర్ ప్రోగ్ అని రాయమని చెబుతూనే ఉన్నాడు, ఈలోపు ఆ అమ్మాయి ఫోక్ అని రాసి ఇచ్చేసింది. తీరా వెళ్లి చూస్తే మాకోసం రెండు మైకులు, రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఫోక్ అంటే ఎవరో ఒకాయన కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, గిటారు మీటుతూ బాధగా పాడేది అని నిర్వాహకుల గట్టి నమ్మకం. డ్రమ్స్‌కి చోటు లేదన్నారు. బతిమాలితే ఒక చిన్న డ్రమ్ము (స్నేర్), ఒక తాళపు పళ్లెం (సింబల్) పెట్టుకోనిచ్చారు. వాడు ఆ రాత్రంతా కర్రలకి బదులు చప్పుడు తక్కువగా ఉండే బ్రష్‌లతో వాయించి, నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

అసలు ఈ గడులు నింపించే అలవాటు మీదే నాకు మంట. ఇప్పుడు మ్యూజిక్ యాప్‌లదీ అదే వరస. పాట తయారైన తీరుతో వాటికి పనిలేదు, ఏదో ఒక చీటీ అంటించి, ఆ చీటీని బట్టి తర్వాతి పాట మన నెత్తిన పడేస్తాయి. పెంటాంగిల్ అనే బ్రిటిష్ బ్యాండుని వింటుంటే దాని వెనకే ఎవరో నిద్రపుచ్చే గిటారు వాయిస్తూ వస్తాడు. ఎందుకయ్యా అంటే రెండిట్లోనూ అకూస్టిక్ గిటారుందట. సరే, అది వదిలేయండి.

ఆ సాయంత్రం మేం మొదట ఎత్తుకున్నది మ్యాటీ గ్రోవ్స్. ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే ఇంగ్లిష్ ఫోక్ రాక్ బ్యాండు 1969లో తెచ్చిన లీజ్ అండ్ లీఫ్ ఆల్బమ్‌లో ఉన్నది, మేం ఆ పద్ధతిలోనే కరెంటు గిటారుతో వాయించేవాళ్లం. పాట వందల ఏళ్లనాటిది. ప్రభువు ఊళ్లో లేనప్పుడు ఆయన భార్య ఓ కుర్రాడిని ఇంటికి పిలుస్తుంది, నౌకరు విని పరుగెత్తుకెళ్లి, అడ్డొచ్చిన ఏరు ఈది మరీ ప్రభువుకి చెప్పేస్తాడు, తెల్లారి కుర్రాడు కళ్లు తెరిచేసరికి మంచం కాళ్ల దగ్గర ప్రభువు నిలబడి ఉంటాడు. సరిగ్గా అక్కడికొచ్చాక నా ఆంప్లిఫయర్ చచ్చింది. చిన్న ‘టప్’ మని చప్పుడు, అంతే. బేస్ కూడా అదే ప్లగ్ బోర్డు మీద ఉంది కాబట్టి అదీ పోయింది. డ్రమ్మర్ ఏం చేయాలో తోచక బ్రష్‌లు ఎత్తిపట్టుకుని నా మొహం చూస్తున్నాడు. ఆ అమ్మాయి మాత్రం వెనక్కి కూడా తిరగలేదు. “నా పక్క ఎలా ఉంది, నా దుప్పటి ఎలా ఉంది” అని ప్రభువు వెటకారంగా అడిగే ముక్క అందుకుని అలా పాడుకుంటూ పోయింది. నేను వంగి వైర్లు కదుపుతూ తలెత్తి చూస్తే ముందు వరసలో ఒకాయన ఫోను జేబులో పెట్టేసి ముందుకి వంగి వింటున్నాడు. కుర్రాడు చచ్చాడు, ఆవిడా చచ్చింది, ఇద్దరినీ పూడ్చే ఏర్పాట్లూ అయ్యాయి, అంతవరకూ ఒక్క వాద్యం లేదు. జనం చప్పట్లు కొట్టారు. గిటారు ఆగిందని వాళ్లెవరికీ తట్టినట్టే లేదు, అది కొంచెం బాధే అనుకోండి.

ఈలోపు ఎవరో వచ్చి ప్లగ్గు గట్టిగా నొక్కితే కరెంటు వచ్చింది. తర్వాతి పాట లైట్ ఫ్లైట్. పెంటాంగిల్‌ది, అదీ 1969దే, బాస్కెట్ ఆఫ్ లైట్ ఆల్బమ్‌లోది, బీబీసీలో ఒక సీరియల్‌కి టైటిల్ పాటగా కూడా వచ్చింది. వినడానికి గాలిలో ఈక తేలినట్టు ఉంటుంది, లోపల మాత్రం 5/8, 7/8, 6/4, అంటే ఐదు, ఏడు, ఆరు దెబ్బల మూడు తాళాలూ ఉన్నాయి. మావాడు బేస్‌లో ఏడు దెబ్బల దగ్గర ఆరుకే ముగించేశాడు. ఒక్క దెబ్బ! నేను బేస్ వెంట పోయాను, డ్రమ్మర్ తన లెక్క వెంట పోయాడు, పాపం ఆ అమ్మాయి ఒక పంక్తి వరకూ లాక్కొచ్చి ఆగిపోయింది. “ఒరేయ్, ఒకటో దెబ్బ ఎక్కడుందిరా?” అని డ్రమ్మర్ అడిగింది మైకులో కూడా వినబడింది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం.

అదే నా పరీక్ష. వాద్యాలన్నీ తీసేయండి. ఒక్క గొంతు మీద పాట నిలబడితే అది ఫోక్, ఎంత ఎలక్ట్రిక్ గిటారు మోగినా సరే. వాద్యాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటే తప్ప నిలబడకపోతే అది ప్రోగ్, ఎంత అకూస్టిక్ అయినా సరే. లైట్ ఫ్లైట్‌ని జనం టీవీ చూసి కూనిరాగం తీసేవాళ్లు కదా అంటారేమో. కూనిరాగం తీయడం వేరు, పాట మొత్తం నడపడం వేరు.

ఈ పరీక్ష పెట్టాక చూడండి, బోర్డులన్నీ తారుమారవుతాయి. పెంటాంగిల్‌లో బర్ట్ జాన్ష్, జాన్ రెన్‌బోర్న్ ఇద్దరూ ఫోక్ క్లబ్బుల నుంచి వచ్చినవాళ్లే, డానీ థాంప్సన్ వాయించేది కరెంటు గిటారు కాదు, నిలబెట్టి వాయించే పెద్ద బేస్, అయినా వాళ్ల అల్లిక చాలాచోట్ల ప్రోగ్ అల్లికే. పోనీ స్టీలై స్పాన్ చూడండి, మొదటి రోజుల్లో కరెంటు గిటార్లు పెట్టుకుని డ్రమ్మరే లేకుండా నడిపారు, వాళ్లు అచ్చంగా ఫోక్. నిమిషాల లెక్కవాళ్లకి ఇంకో ఉదాహరణ ఇస్తాను. ఇంగ్లిష్ ఫోక్ గాయని షర్లీ కాలిన్స్, ఆవిడ అక్క డాలీ కలిసి 1969లోనే యాంథమ్స్ ఇన్ ఈడెన్ అని ఒక ఆల్బమ్ చేశారు. రికార్డుకి ఒక వైపంతా ఒకే కథగా కూర్చిన పాటల మాల, వెనక పాతకాలపు ఊదే వాద్యాలు, విడుదల చేసింది పింక్ ఫ్లాయిడ్ రికార్డులు వేసే హార్వెస్ట్ లేబుల్. నిడివి ఉంది, కథ ఉంది, వింత వాద్యాలున్నాయి, లేబుల్ కూడా కుదిరింది. అయినా దాన్ని ప్రోగ్ అనే ధైర్యం ఎవరికీ లేదు, ఎందుకంటే ఆ పాటలన్నీ షర్లీ ఒక్కతే నిలబడి పాడినా చాలు. పెంటాంగిల్ వాళ్లే 1970లో జాక్ ఓరియన్ అనే పాత కథాగీతాన్ని పద్దెనిమిది నిమిషాలు సాగదీశారు. మధ్యలో వాద్యాల విహారం చాలానే ఉంది, కానీ దాని వెన్నెముక కథే. అది ఫోక్. ఒకే బ్యాండు రెండు పక్కలా ఉండకూడదని రూలేం లేదు కదా.

ఇక ‘అసలైన ఫోక్’ అని పేచీ పెట్టే శుద్ధవాదులున్నారు చూశారూ, వాళ్లతో ఇంకో తంటా. సంప్రదాయాన్ని పాడుచేశారని ఫెయిర్‌పోర్ట్ మీద గింజుకుంటారు. మ్యాటీ గ్రోవ్స్ మాటలు బ్రిటన్‌వి, ఫెయిర్‌పోర్ట్ వాళ్లు వాడిన బాణీ షేడీ గ్రోవ్ అనే అమెరికా అపలాచియన్ కొండల పాటది. పాటలు ఎప్పుడూ ఇలాగే ఒకరి మాట, ఇంకొకరి బాణీ కలుపుకుని బతికాయి. ఆ పని ఎప్పుడో ఎవరో చేస్తే సంప్రదాయం, గిటారు తగిలించుకున్న కుర్రాళ్లు చేస్తే అపచారమా?

గీత ఇంతగా చెరిగిపోవడానికి అసలు కారణం మనుషులే అనిపిస్తుంది నాకు. అందరూ ఒకళ్ల ఇంట్లోంచి ఇంకొకళ్ల ఇంట్లోకి తిరిగినవాళ్లే. ఫెయిర్‌పోర్ట్ మొదటి గాయని జూడీ డైబుల్ ఆ బ్యాండు వదిలాక 1968లో కొన్నాళ్లు పాడింది ఎవరితో అనుకున్నారు? తర్వాత కింగ్ క్రిమ్సన్‌గా మారిన ముఠాతో. ఆవిడ స్థానంలో వచ్చిన శాండీ డెన్నీ అంతకుముందు స్ట్రాబ్స్‌తో పాడింది. ఆ స్ట్రాబ్స్ బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతం వాయించుకుంటూ మొదలైనవాళ్లు, వాళ్ల దగ్గర కీబోర్డు వాయించిన రిక్ వేక్‌మన్ 1971లో నేరుగా వెళ్లి యెస్ అనే ప్రోగ్ బ్యాండులో చేరాడు. ఫెయిర్‌పోర్ట్ బేస్ వాయించే డేవ్ పెగ్ 1979లో జెథ్రో టల్‌లో చేరి ఏళ్ల తరబడి ఉండిపోయాడు. అంతకుముందు 1974లో స్టీలై స్పాన్ ఆల్బమ్ తయారీలో టల్ నాయకుడు ఇయన్ ఆండర్సన్ చెయ్యి ఉంది. ఇలా చుట్టరికాలు కలిపేసుకున్నవాళ్ల మధ్య సరిహద్దు రాయి పాతమంటే ఎవరివల్ల అవుతుంది?

మీరడిగిన టల్ సంగతికి వస్తాను, ఇప్పటికే చాలా దూరం వచ్చేశాను. 1972 నాటి థిక్ యాజ్ ఎ బ్రిక్ రెండు వైపులూ కలిపి ఒకే పాట. విమర్శకులు అంతకుముందు ఆల్బమ్‌ని కాన్సెప్ట్ ఆల్బమ్ (ఒకే ఇతివృత్తం చుట్టూ అల్లినది) అన్నారని ఆండర్సన్‌కి ఒళ్లు మండి, అయితే ఇదిగో తీసుకోండి అన్నట్టు వెటకారంగా చేసింది. దాని మొదటి మూడు నిమిషాలు అకూస్టిక్ గిటారు, గొంతు, ఫ్లూటు. ఆ ముక్క ఎవరైనా ఒంటరిగా పాడుకోవచ్చు. ఆ తర్వాత మిగతాదాన్ని ఒక్క గొంతుతో పాడమనండి, గుమ్మం దాటరు. కాబట్టి ప్రోగ్. జనం ఫోక్ అనేది 1977 నాటి సాంగ్స్ ఫ్రమ్ ది వుడ్‌ని. అడవి, పొలం, పండగ, అన్నీ ఉన్నాయి, పైగా మొదటి పాట వాద్యాలు లేకుండా గొంతులతోనే మొదలవుతుంది. నా పరీక్షకి ఇంతకంటే ఏం కావాలి అనుకునేలోపే ఫ్లూటు, కీబోర్డు, డ్రమ్స్ వచ్చి ముళ్లు వేయడం మొదలుపెడతాయి. అదీ ప్రోగే. పల్లె బట్టలు కట్టుకున్న ప్రోగ్. నాకు చాలా ఇష్టం, అది వేరే సంగతి.

నిజంగా రెండూ కలిసిపోయింది వినాలంటే టల్ కాదు, ఐర్లండ్ బ్యాండు హార్స్‌లిప్స్ వినండి. 1973లో ద టాయిన్ అని పాత ఐరిష్ వీరగాథ మొత్తాన్ని ఆల్బమ్‌గా చేశారు. అందులో డియరగ్ డూమ్ అనే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటారు ముక్క (రిఫ్) వింటే అచ్చమైన హార్డ్ రాక్ అనుకుంటారు, కానీ అది ఓనీల్స్ మార్చ్ అనే పాత ఐరిష్ బాణీ. దాన్ని ఈలవేసినా నిలబడుతుంది, ఆంప్లిఫయర్‌లో వేసినా గోడలు అదురుతాయి.

ఇదంతా మా డ్రమ్మర్‌కి చెబితే ఇప్పటికీ ఒప్పుకోడు. వాడి దగ్గర ఎప్పుడూ ఒకటే అస్త్రం, గ్రిఫాన్. లండన్ రాయల్ కాలేజీ ఆఫ్ మ్యూజిక్‌లో చదివిన కుర్రాళ్లు పెట్టిన బ్యాండది, బసూన్, రికార్డర్, క్రమ్‌హార్న్ లాంటి ఊదే వాద్యాలు వాయించేవాళ్లు. 1973లో మొదటి ఆల్బమ్‌లో చాలావరకు పాత జానపదాలే. ఏడాది తిరిగేసరికి చదరంగం ఇతివృత్తంగా రెడ్ క్వీన్ టు గ్రిఫాన్ త్రీ చేశారు, నాలుగే రచనలు, ఎక్కడా ఒక్క మాట పాడరు. “నీ పరీక్షకి గొంతు కావాలి కదరా, ఇక్కడ గొంతే లేదు, ఇప్పుడేమంటావు?” అని అడుగుతాడు. గొంతు లేకపోతే పరీక్ష తప్పినట్టే, అది ప్రోగ్ అంటాను నేను. మరైతే ఫిడేలు మీద మాత్రమే వాయించే ఐరిష్ నాట్యపు బాణీలు, ఆ రీల్స్ అన్నీ ప్రోగేనా అంటాడు వాడు. వాటిని కూనిరాగం తీయొచ్చురా అంటే, ఇందాక కూనిరాగం చెల్లదన్నావుగా అని పట్టుకుంటాడు. వాడితో వాదన పెట్టుకోకండి, మీరు ముందు ఆ రెండు ఆల్బమ్‌లూ వరసగా వినండి.