మణిపూర్ ఉద్యోగానికి అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) ఫైనలియర్. కోర్సు కాగానే మణిపూర్ వెళ్లి హెచ్‌ఐవీ నివారణ ప్రాజెక్టులో చేరతానంటోంది. అక్కడేమో గొడవలు. ఇందులో కెరీర్ ఉందా? పంపొచ్చా? - ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: కెరీర్ ఉందండీ. కాకపోతే కోర్సు అయిన మర్నాడే రైలెక్కించకండి.

మణిపూర్‌లో హెచ్‌ఐవీ వ్యాప్తికి ఒక పెద్ద కారణం మయన్మార్ సరిహద్దు దాటి వచ్చే హెరాయిన్, ఒకే సూదిని నలుగురూ వాడటం. అందుకే అక్కడి పనిలో కొత్త సూదులు పంచడం, హెరాయిన్‌కు బదులు బుప్రెనార్ఫిన్ అనే మందు ఇప్పించడం ముఖ్యం. 2023 మేలో మెయితీలకూ కుకీ-జోలకూ మధ్య హింస మొదలయ్యాక ఒక వర్గం వాళ్లు రెండో వర్గం ప్రాంతంలోకి వెళ్లలేకపోతున్నారు. చురాచాంద్‌పూర్ కుకీ రోగికి, మెయితీలు ఎక్కువగా ఉండే ఇంఫాల్‌లో ఆసుపత్రి ఉన్నా లేనట్టే. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులేమో రోజూ వేసుకోవాల్సినవి. సహాయ శిబిరంలో నాలుగైదు కుటుంబాలు ఒకే గదిలో సర్దుకున్నప్పుడు మాత్రల డబ్బా తీస్తే, ‘ఏం మందులవి?’ అని పక్క చాప మీది వాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్నకు జడిసి మానేసేవాళ్లూ ఉంటారు.

ఇల్లిల్లూ తిరిగి చెబుతానని మీ అమ్మాయి అనుకుంటోందేమో. భాష రాని కొత్త మనిషి దగ్గర సూదుల సంగతి ఎవరు నోరు విప్పుతారు? అది స్థానిక పీర్ ఎడ్యుకేటర్ల పని, అంటే తమలాంటి వాళ్లకే అవగాహన కల్పించేవాళ్ల పని. వాళ్లలో ఒకప్పుడు మత్తుకు బానిసలైనవాళ్లూ ఉంటారు. బయటి నుంచి వెళ్లేవాళ్లకు ఎక్కువగా దొరికేవి మందుల సరఫరా, కౌన్సెలర్ల శిక్షణ, ప్రోగ్రాం మేనేజ్‌మెంట్ ఉద్యోగాలు. వాటికి అనుభవం అడుగుతారు.

కాబట్టి ముందు రెండేళ్లు ఇక్కడే, ఎన్జీవోలు నడిపే టీఐ (హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువున్న వర్గాల్లో నివారణ) ప్రాజెక్టులోనో ఐసీటీసీ (హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రం) కౌన్సెలర్‌గానో చేయనివ్వండి. కాంట్రాక్టు ఉద్యోగం, జీతం అంతంతమాత్రం. అయినా ఒక స్క్రీనింగ్‌లో రియాక్టివ్ (హెచ్‌ఐవీ ఉండొచ్చన్న సూచన) వచ్చినంత మాత్రాన పాజిటివ్ అని చెప్పకూడదనీ, నిర్ధారణకు ఇంకా పరీక్షలుంటాయనీ చేతులారా చేస్తేనే ఒంటబడుతుంది. ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదని, ఫలితం బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. భర్త ఫలితం భార్య అడిగినప్పుడు ఏం చేయాలన్నది మాత్రం సీనియర్ పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే. తర్వాత ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేస్తే మంచిది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది. కాంగో లాంటి చోట్ల పనిచేసే అంతర్జాతీయ సంస్థలపై కన్నుంటే ఫ్రెంచ్ ఇప్పుడే మొదలుపెట్టమనండి.

ఎప్పుడు వెళ్లినా ఇంటర్వ్యూలో మూడు అడగమనండి: బీమా ఎంత, దారులు మూసుకుపోతే బయటికి తెచ్చేదెవరు, వాహనం ఎవరు నడుపుతారు. సూటిగా చెప్పలేకపోతే ఆ సంస్థలో చేరొద్దని మీరే చెప్పండి.