ఎడిన్‌బరా ఫ్రింజ్‌కి వెళ్తున్నారా? ముందు డబ్బు లెక్క చూసుకోండి

సందేహం: గ్లాస్గోలో ఎమ్మెస్సీ చేస్తున్నాం, నలుగురం. ఆగస్టులో ఎడిన్‌బరా ఫ్రింజ్ చూడాలని ఉంది. ఖర్చు తట్టుకోగలమా? వానలకి ఇబ్బంది ఉంటుందా?

జవాబు: తప్పకుండా వెళ్లండి తమ్ముడూ. 1947లో అక్కడి అంతర్జాతీయ ఉత్సవానికి పిలుపు రాని ఎనిమిది నాటక బృందాలు తమంతట తామే వచ్చి ఆడాయి. నాటకాలు, కామెడీ, సర్కస్ అన్నీ ఆడే ఈ ఫ్రింజ్ కళోత్సవం అలా పుట్టింది. ఈనాటికీ ఎవరినీ ఏరి తీసుకోరు, హాలు దొరికినవాళ్లు ఆడుకోవచ్చు. అందుకే గొప్ప ప్రదర్శన పక్క గదిలోనే ఎందుకొచ్చామా అనిపించేదీ ఉంటుంది. వంద పౌండ్లు పట్టుకొచ్చి మధ్యాహ్నానికే జేబులు ఖాళీ చేసుకున్న పిల్లల్ని ఏటా చూస్తున్నాను. మొదటి ఏడు మేమూ ఆ తప్పే చేశాం. కాబట్టి డబ్బు సంగతే ముందు.

గ్లాస్గోలో సొంత మంచం ఉండగా ఎడిన్‌బరాలో రూము తీసుకోకండి. ఆగస్టులో గది అద్దెలు ఆకాశంలో ఉంటాయి. పైగా 2026 జూలై 24 నుంచి బసపై 5 శాతం పన్ను కూడా పడుతుంది. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలెక్కితే 50 నిమిషాల్లో ఎడిన్‌బరా వేవర్లీ స్టేషన్. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చెయ్యండి. రెండు రోజులు చూడాలంటే రెండుసార్లు వెళ్లినా రూముకంటే చవకే.

టిక్కెట్టు మామూలుగా 12 నుంచి 18 పౌండ్ల మధ్య ఉంటుంది, పేరున్న కమెడియన్‌కి ఇంకా ఎక్కువ. 15 చొప్పున మూడు చూస్తే మనిషికి 45, నలుగురికి 180. రూపాయల్లోకి మార్చి చూడండి, ఇంటి దగ్గర నాన్నగారు ఏమంటారో తెలుస్తుంది. అందుకని తేదీ చూసుకుని వెళ్లాలి. మొదటి రెండు మూడు రోజులు ప్రివ్యూలు, టిక్కెట్టు తక్కువ. ఆట ఇంకా పదును పట్టి ఉండదు, అంతే. మొదటి సోమ, మంగళవారాల్లో చాలా ప్రదర్శనలకి ఒక టిక్కెట్టు కొంటే రెండోది ఉచితం, అంటే మీ నలుగురికీ రెండు టిక్కెట్ల డబ్బే. శని, ఆదివారాలు మాత్రం వద్దు. ధరా ఎక్కువ, రద్దీ కూడా.

టిక్కెట్టు లేని ప్రదర్శనలూ వందల్లో ఉంటాయి. 1996లో పీటర్ బక్లీ హిల్ మొదలుపెట్టిన ఫ్రీ ఫ్రింజ్ పద్ధతి ఇది. పబ్బుల పై గదుల్లో, నేలమాళిగల్లో ఆడతారు, ఆట అయ్యాక కళాకారుడే బకెట్ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడతాడు. ఆ బకెట్టే అతని కూలి. నచ్చితే మనిషికి 5 పౌండ్లు వెయ్యండి, తల దించుకుని జారుకోవడం మనకి మర్యాద కాదు. మంచివాటికి 20 నిమిషాల ముందే లైను కట్టాలి. రోజుకి రెండు టిక్కెట్టువి, రెండు బకెట్టువి పెట్టుకుంటే సరిపోతుంది. నాలుగు దాటితే ఏది ఎక్కడ చూశారో కూడా గుర్తుండదు.

పాత ఊరి పెద్ద వీధి రాయల్ మైల్ మీద ప్రతి అడుగుకీ ఒక కరపత్రం చేతిలో పెడతారు. దాని పైన స్టేపిల్ కొట్టిన చిన్న చీటీ మీద సమీక్షకులు ఇచ్చిన రేటింగ్ నక్షత్రాలుంటాయి. ఎన్ని ఉన్నాయని కాదు, ఎవరిచ్చారో చదవండి. వెంటనే కొనెయ్యకండి. వారం మధ్యలో హాలు నిండకపోతే కరపత్రం ఇచ్చినవాళ్లే ఉచిత టిక్కెట్లు పంచడం కూడా ఉంటుంది.

ఇక అందరూ దెబ్బతినేది మ్యాపు దగ్గర. పాత ఊరు రెండు అంతస్తుల్లో ఉంటుంది. సౌత్ బ్రిడ్జ్, జార్జ్ ఫోర్త్ బ్రిడ్జ్ అనే వంతెన వీధులు పైన, కౌగేట్ వీధి కింద. ఫోనులో రెండూ ఒకదాన్నొకటి దాటినట్టే కనిపిస్తాయి, చుక్క గమ్యం మీదే ఉంటుంది, మీరు మాత్రం వంతెన గోడ పట్టుకుని కింద వీధిని చూస్తుంటారు. రాయల్ మైల్‌లో భాగమైన హై స్ట్రీట్ వైపు నుంచైతే బ్లెయిర్ స్ట్రీట్ లేదా నిడ్రీ స్ట్రీట్, జార్జ్ ఫోర్త్ బ్రిడ్జ్ నుంచైతే క్యాండిల్‌మేకర్ రో, ఇవి దిగితే కౌగేట్. ఆట గంట లోపే అయిపోతుంది కానీ మొదలవడం ఐదు నిమిషాలు ఆలస్యం కావచ్చు, బయటికి రావడానికి ఇంకో ఐదు. రెండు ఆటల మధ్య 40 నిమిషాలు ఉంచుకోండి. ఆలస్యమైతే చాలాచోట్ల లోపలికి రానివ్వరు, డబ్బు తిరిగి రాదు.

వానకి గొడుగు నమ్ముకోవద్దు. అక్కడ గాలితో కలిసి వాన అడ్డంగా కొడుతుంది, వంతెనల మీద గొడుగు తిరగబడి పుల్లలు విరుగుతాయి. టోపీ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్ కావాలి. ఆగస్టు అయినా పగటి వేడి 19 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. కానీ నేలమాళిగ హాల్లో 60 మంది కూర్చుంటే ఉక్క పోస్తుంది, లోపల పల్చని చొక్కా ఉంటే జాకెట్ తీసి ఒళ్లో పెట్టుకోవచ్చు. బండరాళ్ల వీధులు తడిస్తే జారతాయి, అరిగిన బూట్లు వద్దు. జోరువానలో కాఫీ షాపుకి డబ్బు పొయ్యకుండా ఛేంబర్స్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియంకి వెళ్లండి. సాయంత్రం 5 దాకా ఉంటుంది, ప్రవేశం ఉచితం, బాత్రూములు శుభ్రం. పులిహోర డబ్బా కట్టుకెళ్లి తెరిపిచ్చినప్పుడు మెడోస్ పార్కులో తినండి. లైసెన్సున్న బార్లలో కుళాయి నీళ్లు అడిగితే ఉచితంగా ఇవ్వాలి, మొహమాటపడకండి.

కొత్తవాళ్లకి స్టాండప్ కొంచెం కష్టం. యాస, వేగం, ఇక్కడి టీవీ సంగతులు అందవు. మొదటి రోజు సర్కస్, మ్యాజిక్, వాద్యాలు లేని పాటల బృందాలు చూడండి. కామెడీకి వెళ్తే మూడో వరుసలో పక్కగా కూర్చోండి, ముందు వరుసవాళ్లని పేరు, ఊరు అడిగి ఆటపట్టిస్తారు. అమ్మానాన్నల్ని తీసుకెళ్తే మెట్ల సంగతి, వయసు పరిమితి టిక్కెట్టు పేజీలో ముందే చూడాలి.

కరపత్రాలు పంచే పని దొరికిందని ఒప్పుకునేముందు వీసా షరతులు చదవండి. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు, ఎమ్మెస్సీలో డిజర్టేషన్ (చివరి పరిశోధన వ్యాసం) రాసే నెలలు సెలవు లెక్కలోకి రావు. వివరాలు యూనివర్సిటీ వీసా ఆఫీసులో కనుక్కోండి.

రాత్రి చివరి రైలు తప్పినా గాభరా పడకండి. సెయింట్ ఆండ్రూ స్క్వేర్ పక్క బస్‌స్టేషన్ నుంచి 900 నంబరు సిటీలింక్ బస్సు రాత్రంతా గ్లాస్గో బుకానన్ బస్‌స్టేషన్ దాకా తిరుగుతుంది. అర్ధరాత్రి దాటాక సర్వీసులు తక్కువ, టైము పొద్దున్నే రాసి పెట్టుకోండి. వానకి టాక్సీ ఎక్కబుద్ధేసేది అప్పుడే.