సమాధానం: భుజకవచం అతుకు ఊడకుండా ఉండాలంటే

కామిక్ కాన్‌లో (కామిక్స్, సినిమా పాత్రల వేషాలతో అభిమానులు వచ్చే మేళాలో) జనం ఒరుసుకున్నప్పుడల్లా మీ వేషంలోని ఈవీఏ ఫోమ్ (తేలికైన, మెత్తటి ఫోమ్ షీటు) భుజకవచం అతుకు విడిపోతోందన్నారు. తప్పు ఫోమ్‌ది కాదండీ, గ్లూ గన్‌తో వేడికి కరిగించి పూసిన జిగురుది. ఎండలో ఆపిన కారు డిక్కీలోనే ఆ జిగురు మెత్తబడిపోతుంది.

పాతదంతా బ్లేడుతో గీకేసి, అంచుల్ని 120 నంబరు ఎమరీ పేపర్‌తో రుద్దండి. ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 అనే రబ్బరు జిగురును రెండు అంచులకూ పల్చగా పూసి, వేలికి అంటనంత వరకు, దాదాపు 10 నిమిషాలు ఆగండి. తడి మీద అతికిస్తే జారుతుంది. అందరూ తొందరపడేది ఇక్కడే. ఒకసారి తాకించాక సర్దడం కుదరదు, కాబట్టి ఒక మూల నుంచి నొక్కుకుంటూ రండి. కిటికీలు తెరిచే ఉంచండి, వాసన తలకెక్కుతుంది.

భుజకవచాన్ని మాత్రం ఛాతీ కవచానికి అతికించొద్దు. 25 మి.మీ. ఎలాస్టిక్ పట్టీ, ప్లాస్టిక్ బకిల్ పెడితే ఎవరు తగిలినా సాగి వెనక్కొస్తుంది. జేబులో నాలుగు పిన్నీసులు, ఒక ఫెవిక్విక్ ఎలాగూ ఉండాలి.