వంటింటి ప్రశ్నలు: బొడిపె రాని మదలీన్లు

ప్రశ్న: అక్కా, గవ్వ ఆకారం గుంతలున్న ట్రే కొని మదలీన్లు అనే చిన్న ఫ్రెంచ్ కేకులు చేస్తున్న. బేకింగ్ పౌడర్ పెంచినా మధ్యలో బొడిపె లేవట్లేదు. దాల్చినచెక్క, లవంగం, ఇలాచీ వేస్తే ఇంట్లోవాళ్లు బిర్యానీ వాసన వస్తోందంటున్నరు. అంత బటర్ పోసినా దాని రుచి తెలుస్తలేదు. ఏం చేయాలె?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: చెల్లె, ముందు ఆ బేకింగ్ పౌడర్ తగ్గించు. వంద గ్రాముల మైదాకు ముప్పావు చెంచా చాలు. బొడిపెను లేపేది చల్లని పిండి, బాగా కాగిన ఓవెన్. గుంత అంచుల్లో పిండి పల్చగా ఉంటది కాబట్టి అక్కడ ముందుగా ఉడికి గట్టిపడుతది. నడుమనున్నది ఇంకా జారుగానే ఉండి, పొంగడానికి వేరే దారి లేక పైకి లేస్తది. మన ఎండాకాలంలో వంటింట్లో కలిపిన పిండిని అట్లనే ట్రేలో పోస్తే అంచు, నడుమ ఒకేసారి ఉడికిపోతయి. అందుకే కలిపిన పిండిని మూతపెట్టి ఫ్రిజ్‌లో కనీసం మూడు గంటలు ఉంచు, రాత్రంతా అయితే ఇంకా మంచిది. ట్రేకు బటర్ రాసి, మైదా చల్లి, దాన్నీ ఫ్రిజ్‌లోనే పెట్టు. ఓటీజీని (కరెంటు ఓవెన్‌ను) 220 డిగ్రీల మీద ఇరవై నిమిషాలు కాగనిచ్చి, ట్రే లోపల పెట్టిన నాలుగైదు నిమిషాలకు 180కి దించు. మొత్తం పది, పన్నెండు నిమిషాల పని.

ఇక రుచి సంగతి. నేను కాజీపేటలో ఇంట్లోనే ఆర్డర్ల మీద కేకులు చేస్త. మదలీన్‌కు బటర్‌ను ఊరికే కరిగించి పోయడం నాకస్సలు నచ్చదు. ఉప్పులేని బటర్ 125 గ్రాములు తీసుకో. నీరంతా పోయి దగ్గర దగ్గర వంద గ్రాములు మిగులుతది. నల్లటి నాన్‌స్టిక్ వద్దు, రంగు కనిపించే స్టీలు గిన్నె పెట్టు. మొదట చిటపటమంటది. ఆ చప్పుడు తగ్గి, నురగ లేచి, అడుగున గసి గోధుమరంగుకు తిరగంగనే దించి వేరే గిన్నెలోకి వంచు, లేకుంటే ఆ వేడికే మాడుతది. నెయ్యికైతే గసిని వడగడతం, ఇక్కడ మాత్రం ఒక్క చుక్క కూడా వడగట్టొద్దు, రుచంతా అందులోనే ఉంది.

మసాలాను ఆ వేడి బటర్‌లోనే కలుపు, వాసన కొవ్వులోకి బాగా దిగుతది. దాల్చినచెక్క పొడి అర చెంచా, ఇలాచీ పావు చెంచా, జాజికాయ చిటికెడు, సొంటి చిటికెడు. లవంగం మానెయ్. నీ బిర్యానీ వాసన దాన్నుంచే, దాని ముందు ఇంకేదీ నిలువదు. ఈ కేకుకు పేరు తెచ్చిన ఊరు ఫ్రాన్స్‌లో లొరేన్ ప్రాంతంలోని కమెర్సీ. పాత పద్ధతిలో నిమ్మ తొక్కో, వెనీలానో తప్ప ఇన్ని మసాలాలు ఉండవు. కాబట్టి మసాలా బటర్ వెనకాలే నడవాలె. నిమ్మ తొక్క మాత్రం నేను మానను. పైపైన గీకు, తెల్లటిది తగిలితే చేదు.

రెండు గుడ్లు, వంద గ్రాముల చక్కెర తెల్లబడేదాక గిలక్కొట్టి, జల్లించిన వంద గ్రాముల మైదా, బేకింగ్ పౌడర్ మెల్లగా కలిపి, గోరువెచ్చని బటర్ చివర్లో పొయ్యి.

ప్రశ్న: మేడమ్, పాప పుట్టినరోజుకు ముందురోజే చేసి పెట్టుకోవచ్చా? గవ్వల ట్రే కూడా లేదు.
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: పిండి ముందురోజు కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి, కాల్చడం మాత్రం ఆ రోజే. పొద్దున చేసినవి రాత్రికే ఎండడం మొదలవుతయి. ట్రే కోసం ఆగకండి. పొట్టి స్టీలు గిన్నెలకు బటర్ రాసి సగానికి పైగా పోస్తే సరిపోతది, గవ్వ గీతలు రావు, అంతే. గిన్నె లోతును బట్టి రెండు మూడు నిమిషాలు ఎక్కువ ఉంచండి. గుంత పొంగనాల పెనాన్ని పొయ్యి మీద పెట్టి చేద్దామనుకుంటే మాత్రం వద్దంటాను. పైనుంచి వేడి తగలక మీద పచ్చిగా, అడుగున మాడి వస్తయి.