పేగులో యుద్ధం జరగదు

హైదరాబాద్, నల్లకుంట

అమ్మాయీ,

పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్ మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. బోరబండలో ఆ తల్లి ఉగ్గుగిన్నెను మరిగిన నీళ్ళతో కడిగి, మళ్ళీ కొంగుతో తుడిచిన చోట కాసేపు ఆగిపోయాను. మూడో పేరాకు వచ్చేసరికి మాత్రం చిరాకు వేసింది. "రోటావైరస్ దండెత్తి, పేగు కోటగోడను బద్దలుకొట్టి లోపలికి దూసుకుపోయింది" అని రాశావు. ఇందులో ఒక్క క్రియాపదమైనా నిజం కాదు. మన వాక్యానికి క్రియ చివర వస్తుంది. అక్కడ తప్పితే అంతకుముందు ఎంత చదివి రాసినా వృథాయే.

వైరస్‌కు కాళ్ళు లేవు, కోపమూ లేదు. నీళ్ళతోనో పాలతోనో కొట్టుకొచ్చి, చిన్నపేగు లోగోడ మీద సన్నని వేళ్ళలా ఉండే చూషకాల కొసన ఉన్న కణాలకు తగులుతుంది. దాని ఒంటిమీది 60 ముళ్ళ చివరలు ఆ కణాల మీది చక్కెర అణువులకు అతుక్కుంటాయి. అతుక్కున్నంత మాత్రాన ప్రవేశించినట్టు కాదు. ఆ ముళ్ళలోని వీపీ4 అనే ప్రొటీన్‌ను ట్రిప్సిన్ రెండుగా కోస్తే తప్ప వైరస్ సరిగా లోపలికి దిగలేదు. ఆ ట్రిప్సిన్ ఎక్కడిదనుకున్నావు? తిన్నది అరగడానికి మన క్లోమం పంపే రసంలోదే. ప్రయోగశాలల్లో ఈ వైరస్‌ను పెంచేవాళ్ళు కూడా అందుకే ట్రిప్సిన్ కలుపుతారు. తెగిన ముక్కల్లో ఒకటి చక్కెరను పట్టుకుంటే, రెండోది గాలికి గొడుగు తిరగబడినట్టు తిరగబడి కణపు పొరకు చిల్లి పెడుతుంది. ఈలోగా కణం తన పొరలోనే వైరస్‌ను చుట్టి లాక్కుంటుంది; కాల్షియం తగ్గిన చోట వైరస్ పైపొర ఊడిపోతుంది. కోసింది మన రసం, మింగింది మన కణం. మరి దండెత్తినవాడు ఎక్కడున్నాడు?

వాంతులు, విరేచనాలు తెచ్చే మరో వైరస్ గురించి "దిట్టమైన ఒళ్ళు చూసి నోరోవైరస్ తోక ముడుస్తుంది" అన్నావు. ఎఫ్‌యూటీ2 జన్యువు పనిచేయనివారి పేగు కణాల మీద అది పట్టుకునే చక్కెర తయారు కాదు కనుక, కొన్ని నోరోవైరస్ రకాలు వారికి దాదాపు సోకవు. లేమి వల్ల కలిసొచ్చిన అదృష్టాన్ని బలమని రాయకూడదు.

నేనూ ఈ దెబ్బ తిన్నవాణ్ణే. ముప్పై ఏళ్ళ కిందట ఒక వారపత్రికకు పోలియో మీద రాస్తే, ఉపసంపాదకుడు 'అతుక్కుంటుంది' కొట్టేసి 'కాటేస్తుంది' అని పెట్టాడు. పాఠకుడికి రక్తం మరగాలన్నాడు. ఆ వారమే మా వీధిలో ఒకామె, వైరస్‌కు కోరలుంటాయా అని నన్ను అడిగింది. పారితోషికం నలభై రూపాయలు. అదీ నారాయణగూడ దాకా రెండుసార్లు తిరిగితే చేతికి వచ్చింది. ఇప్పటి సంపాదకులదీ అదే తంతు, 'కనిపించని శత్రువు' లేనిదే శీర్షిక పెట్టలేరు.

2016లో ప్రభుత్వ టీకాల్లో చేరిన రోటావాక్ మన హైదరాబాద్‌లోనే తయారవుతుంది. అందులో ఉన్నది సజీవ రోటావైరసే. ఢిల్లీలో ఒక నవజాత శిశువు నుంచి వేరుచేసిన, పుట్టుకతోనే నీరసమైన 116ఈ రకం. 6, 10, 14 వారాలకు నోట్లో వేసే ఆ చుక్కల్లోని వైరస్ కూడా పేగు కణాల్లోకి వెళ్ళి పెరిగితేనే రక్షణ వస్తుంది. చుక్కలు వేయించడానికి వచ్చిన ఆ బోరబండ తల్లికి కూడా శత్రువు దండెత్తాడనే చెబుతావా?

మూడో పేరా మళ్ళీ రాసి పంపు. ఉగ్గుగిన్నె జోలికి మాత్రం పోకు.

ఆశీస్సులతో.